తెలివి పుట్టుకతో వస్తుందా? పెంపకంతో వస్తుందా?



"విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా?" అంటారు పెద్దలు. నిజమే. రాగులు చల్లితే రాగులే మొలుస్తాయి. కానీ ఈ మాట పట్టుకుని మన పల్లెల్లో ఇంకొన్ని మాటలు కూడా అంటుంటారు.

"మా పిల్లకు చదువు ఎక్కదు. వాళ్ల నాయన వంశమే అంత."

"తల్లికే అక్షరం రాదు. బిడ్డకు యాడనుంచి వస్తుంది?"

"మన ఇండ్లల్లో తెలివి యాడుంది? అదంతా పెద్దకులాల సొత్తు."

ఈ మాటల వల్ల ఏమవుతుంది? ఏడో తరగతిలో వెనకబడిన పిల్లను బడి మాన్పిస్తారు. చెనిక్కాయ పెరకను కూలికి పంపుతారు. పదహారేండ్లకే పెండ్లి చేస్తారు. ఒక్క మాట ఆ పిల్ల బతుకునే మార్చేస్తుంది. అందుకని ఆ మాటలో నిజం ఎంత ఉందో చూద్దాం.

పుట్టుకతో వచ్చేది ఏది?

మన ఒళ్లంతా కంటికి కనపడని చిన్న చిన్న కణాలతో తయారయింది. ఒక్కో కణంలో దారాల వంటి పోగులు ఉంటాయి. వీటిని క్రోమోజోములు అంటారు. ఇవి 46 ఉంటాయి. 23 తల్లి నుంచి వస్తాయి. 23 తండ్రి నుంచి వస్తాయి. ఈ పోగుల మీద జన్యువులు ఉంటాయి. జన్యువులు సుమారు 20 వేలు. కంటి రంగు, జుట్టు తీరు, రక్తం గ్రూపు వీటిని బట్టే వస్తాయి.

బిడ్డకు సగం తల్లి ఇస్తుంది. సగం తండ్రి ఇస్తాడు. కాబట్టి "తల్లి వల్లే బిడ్డ మొద్దు అయింది" అని ఆడదాన్ని తిట్టడం అన్యాయం.

మరి తెలివికి ఒక జన్యువు ఉందా? లేదు. వేల చోట్ల ఉండే చిన్న చిన్న తేడాలు కలిసి పనిచేస్తాయి. ఒక్కో బిడ్డలో ఇవి ఒక్కో రకంగా కలుస్తాయి. అందుకే ఒకే తల్లి కడుపున పుట్టినా అక్క ఒక తీరు, చెల్లెలు ఒక తీరు.

పట్టుగూడు చెప్పే పాఠం

మన హిందూపురం, మడకశిర పక్క పట్టుపురుగులు పెంచే ఇండ్లు చాలా ఉన్నాయి. పని మీకు తెలిసిందే. బైవోల్టిన్ గుడ్లు తెస్తే తెల్లగూళ్లు వస్తాయి. మైసూరు జాతితో కలిపిన సంకరజాతి తెస్తే పసుపు గూళ్లు వస్తాయి. గూటి రంగు జాతిని బట్టి ఉంటుంది.

ఒకే జాతి పురుగులను రెండు ఇండ్లల్లో పెంచారు అనుకోండి. ఒక ఇంట్లో తాజా ఆకు వేళకు వేశారు. నాలుగో జ్వరం లేచినాక కడుపునిండా మేపారు. గదిలో వేడి, తేమ చూసుకున్నారు. రెండో ఇంట్లో వాడిన ఆకు వేశారు. ఒక పూట వేసి ఒక పూట మరిచారు. రెండు ఇండ్ల గూళ్లూ హిందూపురం మార్కెట్టుకు పోయాయి. రంగు ఒకటే. కానీ ఒక ఇంటి గూళ్లు గట్టిగా, బరువుగా ఉన్నాయి. రెండో ఇంటివి పల్చగా ఉన్నాయి. ధరలో ఎంతో తేడా వచ్చింది.

పల్చటి గూడు చూసి "ఈ జాతే ఇంత" అంటే మీరు ఒప్పుకుంటారా? "ఆకు ఏం వేశారు?" అని అడగరా?

మనిషికి రక్తం గ్రూపు గూటి రంగు వంటిది. ఎంత మంచి తిండి తిన్నా మారదు. తెలివి గూటి బరువు వంటిది. అందులో జాతి పని ఉంది. మేత పని కూడా ఉంది.

కవలపిల్లలు ఏం చెప్పారు?

కవలలు రెండు రకాలు. కొందరు అచ్చు ఒకే పోలికతో ఉంటారు. వాళ్ల జన్యువులు ఒకటే. కొందరు మామూలు అక్కాచెల్లెళ్ల మాదిరి వేరు వేరు పోలికతో ఉంటారు.

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు 1979 నుంచి ఒక పని చేశారు. పసితనంలోనే విడిపోయి వేరే వేరే ఇండ్లల్లో పెరిగిన కవలలను వెతికారు. వాళ్లకు తెలివి పరీక్షలు పెట్టారు. ఒకే పోలిక కవలల మార్కులు చాలా దగ్గరగా వచ్చాయి. కాబట్టి తెలివిలో పుట్టుకకు గట్టి పాత్ర ఉంది. ఈ నిజాన్ని దాచనక్కరలేదు.

అయితే ఇంకో సంగతి కూడా చూడాలి. ఆ కవలల్లో ఎక్కువమంది కడుపునిండా తిని, బడికి పోయి పెరిగినవాళ్లే. అన్ని ఇండ్లల్లోనూ మంచి ఆకు వేస్తే గూళ్ల మధ్య మిగిలే తేడా జాతిదే అవుతుంది. ఒక ఇంట్లో ఆకు ఉండి, ఒక ఇంట్లో లేకపోతే? అప్పుడు మేత తేడానే పెద్దదవుతుంది. పేదరికం ఉన్నచోట "అంతా పుట్టుకే" అనడం చెల్లదు.

"ఇంతకీ పుట్టుక ఎంత, పెంపకం ఎంత?" అని మీరు అడగవచ్చు. రాగిముద్దనే చూడండి. పిండి లేకపోతే ముద్ద లేదు. నీళ్లు లేకపోయినా ముద్ద లేదు. చేసిన ముద్దలో ఇది పిండి, ఇది నీళ్లు అని విడదీయగలమా? ఒక పిల్ల తెలివిని కూడా అట్లా విడదీయలేము.

కన్నడమా? తెలుగా?

మన అమరాపురం కర్ణాటక సరిహద్దులో ఉంది. ఇక్కడ పిల్లలు ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడతారు. కన్నడ బడులూ ఉన్నాయి, తెలుగు బడులూ ఉన్నాయి. తెలుగు ఇంట్లో పుట్టిన బిడ్డను కన్నడ ఇంట్లో పెంచితే ఏ భాష వస్తుంది? కన్నడమే వస్తుంది. మాట నేర్చే శక్తి పుట్టుకతో వచ్చింది. ఏ మాట నేర్చిందో ఆ ఇల్లు ఇచ్చింది.

చేతిపని కూడా ఇంతే. మన మండలంలోని హేమావతి వెయ్యేండ్ల కిందట నొళంబ రాజుల రాజధాని. అక్కడి గుడి స్తంభాల మీద ఎంత సన్నని చెక్కడం ఉందో మీరు చూసే ఉంటారు. శిల్పి కొడుకు శిల్పి అయ్యేవాడు. ఎందుకు? ఉలి ఆ ఇంట్లో ఉండేది. నేర్పేవాడు ఆ ఇంట్లో ఉండేవాడు. పుస్తకం ఉన్న ఇంటికి చదువు కూడా అట్లాగే వచ్చింది. ఏ కులానికీ తెలివి సొత్తు కాదు. ఆడ, మగ మధ్య కూడా సగటు తెలివిలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

హైదరాబాదు దగ్గర 29 పల్లెలు

మన తెలుగు పల్లెల్లోనే ఒక మంచి పరిశీలన జరిగింది. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఈ సంస్థ వారు 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు దగ్గరి 29 పల్లెల్లో పనిచేశారు. 15 పల్లెల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్ల లోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. అది మొక్కజొన్న, సోయాతో చేసిన ఉప్మా. మిగిలిన 14 పల్లెలకు ఆ పథకం అప్పటికి రాలేదు.

ఆ పిల్లలు పెద్దయినాక మళ్లీ వెళ్లి చూశారు. తల్లి కడుపులో ఉన్నప్పుడు, మొదటి మూడేండ్లలో ఆ తిండి అందిన పల్లెల్లో పైచదువులు పూర్తి చేసినవారు ఎక్కువగా ఉన్నారు. రెండు పక్కలా అవే రకం మనుషులు. తేడా తెచ్చింది గిన్నెడు ఉప్మా.

మెదడు వేగంగా ఎదిగేది కడుపులో ఉన్నప్పుడు, పుట్టిన మొదటి రెండు మూడేండ్లలో. అంగన్‌వాడీ గుడ్డు, పాలు తల్లి తినకుండా ఇంట్లో అందరికీ పంచేస్తే నష్టపోయేది బిడ్డ మెదడే.

చిటికెడు ఉప్పు

అయోడిన్ అనే పదార్థం తల్లికి చాలకపోతే బిడ్డ మెదడు సరిగా ఎదగదు. చెవుడు, మూగతనం కూడా రావచ్చు. అది చూసి "పాపం, రాత" అంటారు. మంచి ఉప్పు వాడితే ఆ రాత తప్పుతుంది. 2006 నుంచి మన దేశంలో తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మకూడదని నిబంధన ఉంది. పొట్లం మీద "అయోడిన్ ఉప్పు" అన్న మాట చదవండి. నవ్వే సూర్యుడి బొమ్మ ఉందేమో చూడండి. ఉప్పు డబ్బాకు మూత పెట్టండి.

రక్తం తక్కువైనా పిల్లలకు పాఠం మీద మనసు నిలవదు. కడుపుతో ఉన్నప్పుడు ఇచ్చే ఐరన్ మాత్రలు తప్పకుండా మింగండి.

మేనరికం మాట

మన పక్క అక్క కూతురిని, మేనమామ కొడుకుని చేసుకోవడం ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సుమారు నలుగురిలో ఒకరిది రక్తసంబంధం పెండ్లే.

దగ్గరి రక్తం వాళ్లలో దాగి ఉన్న లోపం ఒకటే కావచ్చు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి కలిస్తే అది బిడ్డలో బయటపడుతుంది. మేనరికంలో కూడా చాలామందికి ఆరోగ్యమైన బిడ్డలే పుడతారు. కానీ పుట్టుజబ్బుల ప్రమాదం ఎక్కువ. అందులో కొన్ని మెదడును దెబ్బతీస్తాయి. పెండ్లి మాట్లాడేటప్పుడే ఇది తలచుకోవాలి. ఇప్పటికే పెండ్లయినవాళ్లు భయపడకండి. కడుపు నిలవగానే డాక్టరుకు చెప్పండి.

బడి తెలివిని పెంచుతుందా?

పెంచుతుంది. తెలివి పరీక్షలో సగటు మార్కు 100 గా పెట్టుకుంటారు. ఆరు లక్షల మందికి పైగా లెక్కలు కలిపి 2018 లో కొందరు పరిశోధకులు చూశారు. ఒక్కో ఏడాది చదువుకు 1 నుంచి 5 మార్కులు పెరుగుతున్నట్టు తేలింది.

న్యూజిలాండు దేశంలో జేమ్స్ ఫ్లిన్ అనే పండితుడు ఉండేవాడు. ఆయన 1987 లో 14 దేశాల లెక్కలు చూపించాడు. ఒక తరం కన్నా తర్వాతి తరానికి మార్కులు బాగా పెరిగాయి. ఒక్క తరంలో జన్యువులు అంతగా మారవు. మారింది తిండి, బడి, బతుకు తీరు.

"మొక్కై వంగనిది మానై వంగునా?" అనే మాట ఒకటి ఉంది. ముప్పై, నలభై ఏండ్లకు పలక పట్టి ఈ పేజీ దాకా వచ్చారు మీరు. ఆ మాటకు మీరే జవాబు.

మనం ఏం చేయాలి?

1. పిల్ల చదువులో వెనకబడితే ముందు కళ్లు, చెవులు చూపించండి. నల్లబల్ల కనపడని పిల్లను మొద్దు అనకండి.

2. కడుపుతో ఉన్న తల్లికి ముందు వడ్డించండి.

3. పసిబిడ్డతో మాట్లాడండి. కథలు చెప్పండి. "ఎందుకు?" అని అడిగితే కసరకండి.

4. "నీకు చదువు రాదు" అనే మాట ఇంట్లో అనకండి. అయ్యవారిని కలిసి ఎక్కడ వెనకబడిందో అడగండి.

5. కొంతమంది పిల్లలు పుట్టుకతోనే నిదానంగా ఉంటారు. ఎంత చేసినా మిగతావాళ్లతో సమానం కాకపోవచ్చు. వాళ్లకూ బడి హక్కు ఉంది. వాళ్లు నేర్వగలిగినంత నేర్పాలి. ఆ తల్లిని నిందించకూడదు.

మాట్లాడుకోండి

1. ఒక ఇంట్లో అన్న చదువుతున్నాడు. చెల్లెలిని బడి మాన్పించారు. పదేండ్ల తర్వాత "వాడే తెలివైనవాడు" అంటే అది న్యాయమా?

2. మీ ఊరిలో ఈ ఏడాది బడి మానిన ఆడపిల్లలు ఎంతమంది? వాళ్ల పేర్లు రాయండి. మానడానికి కారణం కూడా రాయండి.

3. మీ ఇంట్లో ఉప్పు పొట్లం మీద ఏం రాసి ఉంది? చదివి చెప్పండి.

కొత్త మాటలు

జన్యువు – తల్లిదండ్రుల నుంచి పోలికలను బిడ్డకు తెచ్చేది.
సంకరజాతి – రెండు జాతులు కలిపి చేసినది.
పోషకాహారం – ఒంటికి, మెదడుకు బలం ఇచ్చే తిండి.
సగటు – అందరివీ కూడి, మందితో భాగిస్తే వచ్చేది.