ఉన్నిపువ్వు

ఎండలకు పేరుపడిన కొత్తగూడెములో ఉన్నినిగూర్చి పాఠమేల యని మీరు నవ్వవచ్చును. బొగ్గుగనుల సీమలో వేసవి యెట్టిదో మీకు నేను చెప్ప నక్కఱలేదు. అయినను ఆ యెండలోనే మందను తోలుకొనిపోవు కాపరి భుజముపై నల్లని గొంగడి యుండును. అది అతనికి వానలో గొడుగు, చలిలో దుప్పటి, రాళ్లనేలపై పఱుపు.

గొంగడి దక్కనీగొఱ్ఱె ఉన్నితో నేసినది. ఆ గొఱ్ఱెలు తెలంగాణము, కర్ణాటకము, మహారాష్ట్రముల మెట్టసీమలలో పెరుగును. వాని ఉన్ని ముతక, చాలవఱకు నలుపు. తెలంగాణములో ఈ పనికి కురుమలు ప్రసిద్ధులు. కత్తెరతో కత్తిరించిన ఉన్నిని ఏకి, స్త్రీలు వడకుదురు. పురుషులు గుంటమగ్గముపై నేయుదురు. చింతగింజల గంజి పట్టింతురు. రంగు వేయుట లేదు. గొఱ్ఱె రంగే గొంగడి రంగు.

నేడు ఈ ఉన్నికి తగిన వెల లేదు. కత్తిరించు కూలియే ఉన్నివెలను మించుటచే, దానిని చేనిలోనే విడిచిపోవు కాపరులు కలరు. మాంసమునకై నెల్లూరు పొట్టేళ్లను మందలో కలుపుటచే మందలే మారుచున్నవి. నెల్లూరు గొఱ్ఱెకు వెండ్రుకలే గాని ఉన్ని యుండదు. ఉన్ని పోయిన పిమ్మట మగ్గమునకు పని యెక్కడిది? ఒక గొంగడికి పలు గొఱ్ఱెల ఉన్నియు, పెక్కు దినముల శ్రమయు కావలెను. కాని యొక పువ్వునకో, తాళపుచెవుల గుత్తికి వ్రేలాడదీయు పిట్టబొమ్మకో పిడికెడు ఉన్ని చాలును. మగ్గముకూడ అక్కఱలేదు.

మగ్గము లేక పోగులు ఎట్లు కలిసియుండును? ఉన్నిపోగును సూక్ష్మదర్శినిలో చూచినచో, ఇంటికప్పుపై పెంకులవలె దానిపై పొలుసులు కానవచ్చును. వాని కొసలన్నియు పోగు చివరివైపే తిరిగియుండును. గోరువెచ్చని సబ్బునీటిలో పిసికినపుడు పోగులు ఒక దిక్కునకే జరుగును. పొలుసులడ్డుటచే వెనుకకు రాలేవు. ఆ చిక్కు మరల విడదు. తలజడ చిక్కు తీసికొను బాలికలకు ఇది బాలురకంటె ముందుగా బోధపడు ననుకొందును. ఇట్లు దట్టమైన ఉన్నియే నమదా. కాశ్మీరపు నమదాలు పేరెన్నికగన్నవి. సైబీరియాలో ఆల్తాయి పర్వతములయందలి పాజిరిక్ అనుచోట 1929లోను, 1947-49 సంవత్సరములలోను త్రవ్విన సమాధులలో రెండువేల యేండ్లకు పైబడిన నమదాలు మంచుగడ్డలలో చెడక దొరకినవి. వానిలో చిన్న హంసబొమ్మలుకూడ కలవు.

సూదితో చేయుపని యింత ప్రాచీనము కాదు. ఈ సూదికి బెజ్జము లేదు, దారము లేదు. దాని అంచులయందు సన్నని గాట్లుండును. అది లోనికి దిగునపుడు గాట్లు పోగులను లాగుకొనిపోవును. వెలికి వచ్చునపుడు అచ్చటనే విడుచును. కర్మాగారపు యంత్రములకై పుట్టిన యీ సూదిని 1980 తరువాత అమెరికాలో చేతిపనివారు చేపట్టిరి.

పువ్వు చేయుటకు మొదట ఉన్నిలోని పల్లేరుకాయలను ఏరవలెను. కుంకుడుకాయల రసము కలిపిన గోరువెచ్చని నీటిలో మెల్లగా ముంచి ఉతికి, నీడలో ఆరవేయవలెను. ఇప్పుడే గట్టిగా పిసికినచో మొదటనే చిక్కుపడి పనికి రాదు. ఆరినదానిని వ్రేళ్లతో చక్కగా విడదీసి, కొంత ఉండగా చుట్టి, దళమైన స్పాంజిపై నుంచి సూదితో పొడువవలెను. సూది నిటారుగా దిగి నిటారుగా రావలెను. పక్కకు వంచినచో విరుగును. పనిపై చూపు తప్పినచో అది వ్రేలిలో దిగును. ఉండను త్రిప్పుచు అన్నివైపుల పొడిచినకొలది గట్టిపడును. ఱేకులను వేఱుగా పలుచగా చేసి, వాని మొదళ్లను నల్లని ఉండకు చేర్చి పొడిచినచో అతుకుకొనును. ఱేకులకు తెల్ల ఉన్ని దొరకిన మఱింత శోభ.

మెత్తని మెరీనో ఉన్నికంటె మన ముతక ఉన్ని ఆలస్యముగా కలియును. కావున మొదట సబ్బునీటిలో అరచేతులనడుమ ఉండను దొర్లించి, ఆరిన పిదప సూది పట్టుట మేలని నా అభిప్రాయము. మెడను తాకు హారములకు ఇది తగదు, దురద పుట్టించును. సంచికి గుండీలు, తాళపుచెవుల బొమ్మలు, చొక్కాకు పెట్టుకొను పువ్వులు దీనితో చక్కగా కుదురును.

సింగరేణి సేవాసమితి కార్మికకుటుంబముల స్త్రీలకు కుట్టుపనివంటి చేతిపనులు నేర్పుట మీరెఱిగినదే. అట్టిచోట ఈ పనియు చేరినచో కాపరి విడిచిపోయిన ఉన్నిని వెలయిచ్చి కొనువారు ఏర్పడుదురు. చేసిన వస్తువులను దాచునపుడు పెట్టెలో ఎండిన వేపాకు వేయవలెను. ఉన్ని యన్నచో చిమ్మటలకు మిక్కిలి ప్రీతి.