ఈ.ఎస్.ఐ. చట్టాన్ని మార్చడం ఎందుకంత కష్టమైంది?



పోటీ పరీక్షల పుస్తకాల్లో "ఉద్యోగుల రాజ్య బీమా చట్టం – 1948" అని ఒక్క లైను ఉంటుంది. సంవత్సరం బట్టీ పట్టి ముందుకు పోతాం. కానీ ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో పనిచేసే అమ్మానాన్నల పిల్లలం మనలో ఎంతమందిమి లేము! మా ఇళ్ళల్లో డిగ్రీ దాటిన మొదటివాళ్ళం మేమే కాబట్టి జీతం చీటీ చదివి చెప్పే పని కూడా మాకే పడింది. "ఈ ఈ.ఎస్.ఐ. అని కోసేది ఎందుకు బిడ్డా?" అని ఇంట్లో అడిగితే సరైన జవాబు చెప్పడానికే ఈ విషయం చదివాం. చదివింది మీతో పంచుకుంటున్నాం.

ముందు పుట్టుక సంగతి. 1943లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రొఫెసర్ బి.పి. అదార్కర్‌కు కార్మికుల ఆరోగ్య బీమా మీద నివేదిక తయారుచేసే పని అప్పగించింది. 1944లో ఆయన నివేదిక ఇచ్చారు. అప్పుడు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్నది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్. 1948 ఏప్రిల్‌లో చట్టం వచ్చేనాటికి కార్మిక మంత్రి బాబూ జగ్జీవన్ రామ్. మన హాస్టల్ గోడల మీద వీళ్ళిద్దరి ఫోటోలూ ఉంటాయి, కానీ ఈ సంగతి మాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో నెహ్రూ ఈ పథకాన్ని ప్రారంభించారు. ఢిల్లీలోనూ అదే రోజు మొదలైంది.

పథకం లెక్క తేలికే. నెల జీతం 12,000 రూపాయలు అనుకోండి. కార్మికుడి వాటా 0.75 శాతం, అంటే 90 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, అంటే 390 రూపాయలు. 2019 జూలైకి ముందు ఈ రేట్లు 1.75, 4.75 శాతాలుగా ఉండేవి. అదే జీతానికి అప్పుడు మొత్తం 780 రూపాయలు జమ అయ్యేది, తగ్గించిన తరువాత 480 అయింది. జీతం ఎక్కువ ఉన్నవాళ్ళు ఎక్కువ కడతారు, తక్కువ ఉన్నవాళ్ళు తక్కువ కడతారు. వైద్యం మాత్రం ఎవరికి ఎంత అవసరమో అంత. ఈ చట్టం ప్రాణమంతా ఇక్కడే ఉంది.

చాలామంది ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది కదా, ఇక ఈ.ఎస్.ఐ. ఎందుకు? ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరితే, ఆపరేషన్ అయితే ఖర్చు భరిస్తుంది. కానీ మంచాన పడిన మనిషికి ఆ నెల జీతం ఎవరిస్తారు? ఈ.ఎస్.ఐ.లో తగినన్ని రోజుల చందా ఉన్న కార్మికుడు జబ్బు పడితే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. రోజుకు 400 సంపాదించే మనిషికి రోజుకు 280 రూపాయలు. క్షయ, కేన్సర్ లాంటి దీర్ఘ రోగాలకు 80 శాతం చొప్పున రెండేళ్ళ వరకు పొడిగిస్తారు. పనిలో యంత్రం కింద చెయ్యి పడితే కోలుకునేదాకా 90 శాతం. కాన్పుకు 26 వారాలు. ప్రమాదంలో కార్మికుడు చనిపోతే కుటుంబానికి పింఛను. ప్రైవేటు ఆరోగ్య పాలసీల్లో మామూలుగా ఇవేవీ ఉండవు.

మరి ఇంత మంచి చట్టాన్ని మార్చాలని ఎందుకన్నారు? ఎందుకంటే కాగితం మీద ఉన్నది కౌంటర్ దగ్గర దొరకదు. డిస్పెన్సరీలో క్యూ, మందులు లేవన్న మాట, పెద్దాసుపత్రికి రెఫర్ చేయించుకోవడానికి సగం రోజు కూలీ పోవడం. ఈ బాధలు మన ఇళ్ళల్లో వినని వాళ్ళెవరు? దీనికి తోడు తెలంగాణలో మందుల కొనుగోళ్ళలో అక్రమాల ఆరోపణల మీద 2019లో ఏసీబీ కేసులు పెట్టి అధికారులను అరెస్టు చేసింది. చందా కట్టేవాడికి కోపం రావడం సహజం.

ఆ కోపాన్ని ఆధారం చేసుకుని 2015 ఫిబ్రవరి 28న బడ్జెట్ ప్రసంగంలో అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ ఒక ప్రతిపాదన చేశారు. ఈ.పి.ఎఫ్.కూ, ఈ.ఎస్.ఐ.కీ ఉన్నది ఖాతాదారులు కాదు బందీలు అన్నారు. కార్మికుడు ఈ.ఎస్.ఐ. గానీ, బీమా నియంత్రణ సంస్థ గుర్తించిన ఏదైనా ఆరోగ్య పాలసీ గానీ తనకు నచ్చింది ఎంచుకోవచ్చని చట్టం సవరిస్తామన్నారు. వినడానికి బాగుంది. కానీ ఆలోచించండి. వయసులో ఉన్నవాడు, జబ్బు లేనివాడు, జీతం కాస్త ఎక్కువున్నవాడు చవకగా దొరికే పాలసీకి వెళ్ళిపోతాడు. వయసు మళ్ళినవాడు, డయాలసిస్ మీద ఉన్నవాడు ఇక్కడే మిగులుతాడు. చందా తగ్గుతుంది, ఖర్చు తగ్గదు. అందుకే ఎర్రజెండా సంఘాలే కాదు, అధికార పక్షానికి దగ్గరైన భారతీయ మజ్దూర్ సంఘ్ కూడా ఒప్పుకోలేదు. ఆ ప్రతిపాదన చట్టరూపం దాల్చలేదు.

ఆసుపత్రిని తిట్టుకునే కార్మికుడే ఆ ఆసుపత్రి పోతుందంటే అడ్డు నిలబడతాడు. ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో 2010లో ఒబామా ఆరోగ్య చట్టం తెచ్చారు. దాన్ని రద్దు చేస్తామని ఏళ్ళ తరబడి చెప్పిన పార్టీకే 2017లో అధ్యక్ష పదవి, రెండు సభలూ దక్కాయి. అయినా ఆ ఏడాది జూలై 28న సెనేట్‌లో ఆ ప్రయత్నం 51–49తో వీగిపోయింది. సొంత పార్టీ సభ్యులు ముగ్గురు ఎదురు ఓటు వేశారు. కొత్త చట్టంలో ఏమొస్తుందో జనానికి తెలియదు, పాతది పోతే ఏం పోతుందో మాత్రం తెలుసు.

మన దేశంలో ఇంకో చిక్కు కూడా ఉంది. కార్మిక విషయాలు ఉమ్మడి జాబితాలోవి. చందా వసూలు చేసేది కేంద్రం కింద ఉన్న కార్పొరేషన్. మన నాచారం ఈ.ఎస్.ఐ. ఆసుపత్రిని నడిపేది మాత్రం రాష్ట్ర బీమా వైద్య సేవల శాఖ. నిర్ణీత పరిమితిలో ఖర్చులో ఎనిమిదో వంతు రాష్ట్రం పెట్టాలి, మిగతాది కార్పొరేషన్ ఇస్తుంది. అదే సనత్‌నగర్ ఆసుపత్రిని కార్పొరేషనే నేరుగా నడుపుతుంది. మందు లేకపోతే ఎవరిని అడగాలి? హైదరాబాద్‌ను అడిగితే ఢిల్లీ అంటారు, ఢిల్లీని అడిగితే హైదరాబాద్ అంటారు. చట్టం మార్చాలన్నా ఈ ఇద్దరూ కదలాలి.

ఇక 2020. అంతకుముందు 2002లోనే రెండవ జాతీయ కార్మిక కమిషన్ చెల్లాచెదురుగా ఉన్న కార్మిక చట్టాలను గుంపులుగా చెయ్యాలని చెప్పింది. పద్దెనిమిదేళ్ళు గడిచాక 2020 సెప్టెంబర్ 22న లోక్‌సభ, 23న రాజ్యసభ సామాజిక భద్రతా కోడ్‌ను ఆమోదించాయి. రాజ్యసభలో ఆ రోజు ప్రతిపక్షాలు బహిష్కరించి బయట ఉన్నాయి. ఇంత పెద్ద విషయం అంత తక్కువ చర్చతో అయిపోవడం మాకు నచ్చలేదు. కానీ సభలో తొందరగా అయింది బయట తొందరగా కాలేదు. నిబంధనలు, రాష్ట్రాల నిబంధనలు, సమ్మెలు, ఎన్నికలు. చివరికి కోడ్ అమలులోకి వచ్చింది 2025 నవంబర్ 21న.

అయితే తీరా చూస్తే ఏముంది? ఈ కోడ్ తొమ్మిది చట్టాలను కలిపింది. 1948 చట్టం పేరు పోయింది, పథకం మాత్రం కోడ్‌లో నాలుగో అధ్యాయంగా దాదాపు అట్లాగే కూర్చుంది. కార్పొరేషన్ అదే, చందా పద్ధతి అదే. 2015లో అన్న ప్రైవేటు పాలసీ ఎంపిక ఇందులో లేదు. మార్పు ఎక్కువగా అంచుల్లో వచ్చింది. నోటిఫై చేసిన ప్రాంతాలకే అన్న పాత పద్ధతి పోయి పదిమంది పనిచేసే సంస్థలకు దేశమంతటా వర్తిస్తుంది. ప్రమాదకరమైన పని అయితే ఒక్క మనిషి ఉన్నా వర్తింపజేయవచ్చు. యాప్‌ల మీద పార్సిళ్ళు మోసే గిగ్ కార్మికులకు పథకాలు పెట్టవచ్చని రాశారు. "పెట్టవచ్చు" అన్న మాటను గమనించండి, ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బండి మీద ఆర్డర్ కోసం నిలబడ్డ మన సీనియర్లకు అది ఇంకా హక్కు కాదు.

ఇంకొకటి, 2017 జనవరిలో జీతం పరిమితి 21,000 రూపాయలు చేశారు. ఓవర్‌టైమ్ కాకుండా జీతం అది దాటితే కొత్తగా ఈ.ఎస్.ఐ. రాదు. కనీస వేతనాలు పెరిగేకొద్దీ జీతం పెరిగినందుకే బీమా పోయే పరిస్థితి వస్తుంది. పరిమితి పెంచాలని సంఘాలు అడుగుతున్నాయి, వాటా పెరుగుతుందని యజమానులు వెనకాడతారు.

ఇంట్లో కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్ళున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒకటి చూడాలి. కాంట్రాక్టరు చందా కట్టకపోతే ఆ బాధ్యత అసలు కంపెనీదే అని పాత చట్టంలో ఉండేది, కోడ్‌లోనూ ఉంది. జీతం చీటీలో కోత ఉండి అమ్మకో నాన్నకో పది అంకెల ఇన్సూరెన్స్ నంబరు ఇవ్వలేదంటే, లేదా ఆ నంబరు మీద ఈ నెల చందా కనిపించలేదంటే, ఆ చీటీ జిరాక్స్ తీసి పెట్టుకోండి. జబ్బు చేసిన రోజు వెతికితే 91 రోజుల భత్యానికి కావలసిన 78 రోజుల చందా లేదని అప్పుడు తెలుస్తుంది.