శస్త్రచికిత్స పిదప నొప్పి - మూత్రపిండముల రక్షణ

శస్త్రచికిత్స చేయించుకొని ఇంటికి వచ్చినవారికి కొలది దినములు నొప్పి యుండుట సహజము. దానిని ఓర్చుకొని కదలక పడియుండుట మంచిది కాదు. నొప్పికి జడిసి గట్టిగా ఊపిరి తీయనివారికి ఊపిరితిత్తులలో కఫము చేరును; లేచి నడువనివారికి కాళ్లలో రక్తము గడ్డకట్టవచ్చును. కావున నొప్పిని తగ్గించుటయు చికిత్సలో భాగమే. అయితే ఏ మందుతో తగ్గించవలెనన్నది శ్రీకాకుళం జిల్లాలో, అందును ఉద్దానమున, ప్రాణములతో ముడిపడిన ప్రశ్న.

నల్లమందు జాతి మందులు

మార్ఫిన్ నల్లమందు నుండి తీయబడును. ట్రమడాల్ ఇంచుమించు ఆ రీతిగనే పనిచేయును. తీవ్రమైన నొప్పికి వైద్యుని పర్యవేక్షణలో ఇవి అవసరమగును. కాని ఇవి మగతను, మలబద్ధకమును కలిగించును. మోతాదు మించినచో శ్వాస మందగించును. చాలకాలము వాడినచో వ్యసనముగా మారవచ్చును. ట్రమడాల్‌ను కేంద్ర ప్రభుత్వము 2018లో మాదకద్రవ్యముల చట్టము క్రిందికి తెచ్చినది. సామాన్యమైన శస్త్రచికిత్సల పిదప పెక్కుమందికి ఇంటివద్ద ఇవి లేకయే నొప్పిని అదుపులో నుంచవచ్చును.

మత్తు లేని మందులోని ముప్పు

మత్తుమందు వలదని చాలమంది దుకాణమునకు పోయి "నొప్పి బిళ్ల" అడుగుదురు. డైక్లోఫినాక్, ఏసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ అట్టివి. ఇవి మత్తు కలిగింపవు గాని, మూత్రపిండములకు రక్తప్రసారమును తగ్గించగలవు. ఆరోగ్యవంతులు వైద్యుని సలహాపై కొలది దినములు వాడినచో సాధారణముగా హాని యుండదు. మూత్రపిండములు బలహీనపడినవారికిని, వాంతులు, విరేచనముల వలన ఒంటిలో నీరు తగ్గినవారికిని ఇవి ప్రమాదకరములు.

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో మూత్రపిండవ్యాధి ఎన్ని కుటుంబములను కుంగదీసినదో మనమెరుగుదుము. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధన కేంద్రము, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమైనవి. ఈ వ్యాధి ముదురువరకు బయటపడదు. తనకు వ్యాధి లేదనుకొను రైతుకూలీకే అది యుండవచ్చును. కావున శస్త్రచికిత్సకు ముందే రక్తములో క్రియాటినిన్ పరీక్ష చేయించి, ఆ ఫలితమును వైద్యునకు చూపి, ఏ బిళ్లలు వాడరాదో అడిగి తెలిసికొనవలెను.

ఇంటివద్ద చేయదగినవి

1. ఇట్టివారికి సాధారణముగా పారాసెటమాల్ ఎక్కువ క్షేమకరము. నొప్పి పెరిగిన పిదప గాక, వైద్యుడు చెప్పిన వేళకు వేసికొనవలెను. పెద్దలకైనను దినమునకు 4 గ్రాములు మించరాదు. కాలేయవ్యాధి గలవారికిని, మద్యము సేవించువారికిని మోతాదు ఇంకను తగ్గించవలెను. జలుబు బిళ్లలలోను ఈ మందే యుండును గనుక రెండింటిని కలిపి మ్రింగరాదు.

2. కడుపుపై కోత యున్నవారు దగ్గునపుడు దిండును పొట్టకు అదిమి పట్టుకొనవలెను. లేచునపుడు ప్రక్కకు ఒత్తిగిలి, చేతి ఊతతో లేవవలెను.

3. గంటకొకమారు నిదానముగా పది దీర్ఘశ్వాసలు తీయవలెను. వైద్యుని అనుమతితో ఇంటిలో కొంచెము కొంచెముగా నడువవలెను.

4. వాపునకు మంచును గుడ్డలో చుట్టి, గాయము తడియకుండ, పదిహేను నిమిషములు ఉంచవచ్చును. గాయముపై పసుపు, పసరు పూయరాదు.

నొప్పి తగ్గుటకు మారుగా నానాటికి పెరిగినను, జ్వరము, చీము, కాలివాపు, ఆయాసము కనిపించినను, మూత్రము తగ్గినను వెంటనే ఆస్పత్రికి చేర్చవలెను.

పంచాయతీ కర్తవ్యము

ఈ విషయమును గ్రామసభలో చదివి వినిపించుడు. శస్త్రచికిత్స నుండి తిరిగి వచ్చిన వారి ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లి, ఏ బిళ్లలు వాడుచున్నారో చూచునట్లు ఏర్పాటు చేయుడు. చీటీ లేకుండ నొప్పి బిళ్లలు అమ్మవలదని ఊరి దుకాణదారులకు నచ్చజెప్పుడు. కోత నొప్పి కొలది దినములలో పోవును. చెడిపోయిన మూత్రపిండములు తిరిగి బాగుపడుట అరుదు. ఈ మాట ప్రతి ఇంటికి చేరవలెనని మా కోరిక.