గేర్ రాడ్ కొనే ముందు గేర్ బాక్స్‌ని చూడండి

"నీకు తెలిసిన ఒక సాంకేతిక విషయం తెలుగులో రాయి" అని మన క్లబ్ వాళ్లు అడిగినప్పుడు నేను పైథాన్ గురించో, ఏఐ గురించో రాస్తాననుకున్నారు. నేను గేర్ రాడ్ గురించి రాస్తున్నా. ఈ మధ్య నాకు బాగా తెలిసొచ్చిన విషయం అదే. అది కూడా 4,500 రూపాయలు పోయాక. చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియమే కాబట్టి తెలుగులో తప్పులుంటే సర్దుకోండి.

మాది నస్పూర్. మా పెద్దబాపు సింగరేణిలో పనిచేసి రిటైర్ అయ్యాడు. ఆయన దగ్గర 1988 మోడల్ డీజిల్ అంబాసిడర్ ఉంది. దాని గేర్ రాడ్ కింద ఉండదు, స్టీరింగ్ పక్కన ఉంటుంది. అప్పట్లో ముందు సీటు ఒకటే పొడుగు బెంచీ. డ్రైవర్ పక్కన ఇంకో ఇద్దరు కూర్చునేవాళ్లు. రాడ్ నేల మీద ఉంటే మధ్యలో కూర్చున్న మనిషి మోకాళ్లకు తగిలేది. అందుకే స్టీరింగ్ పక్కన పెట్టారు.

పోయిన వేసవి సెలవుల్లో గోదావరిఖని నుంచి ఆ కారులోనే ఇంటికి వస్తున్నాం. గోదావరి బ్రిడ్జి దాటి ఇందారం దగ్గరికి రాగానే గేర్ ఇరుక్కుంది. రాడ్ ఎటూ కదలదు. వెనక బొగ్గు లారీలు హారన్ కొడుతున్నాయి. పెద్దబాపు దిగి, బానెట్ ఎత్తి, లోపల ఒక లీవర్‌ని చేత్తో గుంజి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. "గిది రోజూ ఉండేదేరా" అన్నాడు. నాకు మాత్రం భయమేసింది. ఇంకోసారి రాత్రిపూట ఇట్లనే ఆగితే? ఆయనకు 67 ఏళ్లు. రోడ్డు మధ్యలో బానెట్ ఎత్తుకుని నిలబడటం నాకు నచ్చలేదు.

అప్పుడే యూట్యూబ్‌లో అమెరికా మజిల్ కార్ల వీడియోలు చూశా.

ఈ షిఫ్టర్ల కథ ఏంటి

1960ల్లో అమెరికాలో మధ్య సైజు కారులో పెద్ద వి8 ఇంజిన్ పెట్టి అమ్మేవాళ్లు. వాటినే మజిల్ కార్లు అంటారు. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓ వాటిలో బాగా పేరున్నది. ఇంజిన్ బలంగా ఉన్నా, చాలా కార్లలో కంపెనీ ఇచ్చిన గేర్ లివర్ మాత్రం మెత్తగా, వదులుగా ఉండేది. స్పీడ్‌గా గేర్ మారిస్తే ఒక గేర్‌కి బదులు ఇంకోటి పడేది, లేదంటే మధ్యలో ఇరుక్కునేది.

జార్జ్ హర్స్ట్ అనే ఆయన 1950ల చివర్లో పెన్సిల్వేనియాలో బిల్ క్యాంప్‌బెల్‌తో కలిసి కంపెనీ పెట్టి, గట్టి స్టీల్‌తో నేల మీద బిగించే షిఫ్టర్లు చేశాడు. జనం కంపెనీ లివర్ పీకేసి ఇది పెట్టుకోవడం మొదలెట్టారు. చివరికి పాంటియాక్ వాళ్లే జీటీఓకి హర్స్ట్ షిఫ్టర్ బిగించి అమ్మారు. యాక్సిడెంట్ అయిన కారులో ఇరుక్కున్న మనిషిని బయటికి తీయడానికి రెస్క్యూ వాళ్లు వాడే హైడ్రాలిక్ కత్తెర ఉంటుంది కదా, ఆ పరికరం కూడా ఈ హర్స్ట్ ఆలోచనలోంచే వచ్చింది.

ఇదంతా చూసి నేను చేసిన పని: హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మే ఒకాయనకు ఫోన్ చేసి "అంబాసిడర్‌కి ఫ్లోర్ గేర్ సెట్ కావాలి" అన్నా. ఆయన ఉందన్నాడు. పెద్దబాపు తన పెన్షన్ డబ్బుల్లోంచి 4,500 ఇచ్చాడు. పార్సిల్ వచ్చింది. అది మా కారుకి పట్టలేదు.

ఎందుకు పట్టలేదు

సీసీసీ దగ్గర మా కారు చూసే మెకానిక్ చాచా ఆ పార్సిల్ విప్పి నవ్వాడు. "మోకాళ్లు అరిగినయ్ బేటా, నువ్వు చేతికర్ర తెచ్చినవ్. అది కూడా వేరేటోళ్ల కర్ర."

ఆయన చెప్పింది నాకు అర్థమైన పద్ధతిలో రాస్తా.

గేర్ బాక్స్ లోపల ఫోర్కులు ఉంటాయి. నాలుగు గేర్ల బాక్స్‌లో ఒక ఫోర్క్ 1, 2 గేర్లకి, ఇంకోటి 3, 4 గేర్లకి. రివర్స్‌కి వేరే ఏర్పాటు. మన చేతిలో ఉన్న రాడ్ చేసేది రెండే పనులు: ఏ ఫోర్క్ కావాలో ఎంచుకోవడం, దాన్ని ముందుకో వెనక్కో జరపడం. మా పాత అంబాసిడర్‌లో ఈ రెండు పనులకి గేర్ బాక్స్ పక్కన రెండు లీవర్లు ఉన్నాయి. ఒకటి ఎంచుకుంటుంది, ఇంకోటి జరుపుతుంది.

1992లో ఇసుజు ఇంజిన్‌తో వచ్చిన 1800 ఐఎస్‌జెడ్ అంబాసిడర్‌లో గేర్ బాక్సే వేరు. దానికి 5 గేర్లు, రాడ్ నేల మీద ఉంటుంది. నాకు వచ్చింది దాని రాడ్. కారు పేరు ఒకటే, బయటికి చూస్తే బాడీ కూడా దాదాపు ఒకటే, కానీ లోపల కనెక్షన్ వేరు. మన భాషలో చెప్పాలంటే ఫంక్షన్ పేరు ఒకటే, పారామీటర్లు వేరు. అమ్మినాయన తప్పు కూడా లేదు. నేను గేర్ బాక్స్ ఏదో చెప్పలేదు, ఆయన అడగలేదు.

మజిల్ కార్ల వాళ్లు ఎట్లా కొంటారు

ఇదే తప్పు అమెరికాలో పాత హర్స్ట్ షిఫ్టర్ వెతికేవాళ్లు కూడా చేస్తారట. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఒక క్రమం పాటిస్తారు.

1. ముందు గేర్ బాక్స్‌ని గుర్తుపట్టాలి. కారు పేరు సరిపోదు, ఎందుకంటే 50 ఏళ్లలో ఎవరో ఒకరు బాక్స్ మార్చి ఉండొచ్చు. కింద దూరి సైడ్ కవర్ బోల్టులు లెక్కపెడతారు. జనరల్ మోటార్స్ వాళ్ల మన్సీ బాక్స్‌కి 7 బోల్టులు, బోర్గ్ వార్నర్ టీ-10కి 9. ఫోర్డ్ టాప్‌లోడర్‌కి కవర్ పైన ఉంటుంది, పేరు వచ్చిందే అందుకు.

2. షిఫ్టర్‌తో పాటు మిగతా సామాను ఉందా చూడాలి. హర్స్ట్ ఫోర్ స్పీడ్ షిఫ్టర్ నుంచి మూడు కడ్డీలు పోతాయి: 1-2కి ఒకటి, 3-4కి ఒకటి, రివర్స్‌కి ఒకటి. షిఫ్టర్ బాడీ చాలా కార్లకి ఒకేలా ఉన్నా, దాన్ని బిగించే ప్లేటు, ఈ కడ్డీలు, పైన పట్టుకునే రాడ్ మాత్రం కారుని, గేర్ బాక్స్‌ని బట్టి మారతాయి. చౌకగా దొరికే పాత షిఫ్టర్‌కి సాధారణంగా ఇవే ఉండవు. తర్వాత విడివిడిగా కొంటే లాభం మొత్తం పోతుంది.

3. రంధ్రాలు చూడాలి. కడ్డీ కొక్కెం పట్టే రంధ్రం గుండ్రంగా ఉండాలి. కోడిగుడ్డులా సాగి ఉంటే అరిగినట్టు. అక్కడ కొత్త బుష్ వేసినా నిలవదు.

4. బిగించేటప్పుడు న్యూట్రల్ నుంచి మొదలుపెట్టాలి. ఇది నాకు అన్నిటికంటే నచ్చింది. హర్స్ట్ షిఫ్టర్ బాడీలో అడ్డంగా ఒక రంధ్రం ఉంటుంది. షిఫ్టర్‌ని న్యూట్రల్‌లో పెట్టి అందులో పావు అంగుళం పిన్ను దూరుస్తారు. ఇక షిఫ్టర్ కదలదు. అటు గేర్ బాక్స్ మీదున్న లీవర్లని కూడా న్యూట్రల్‌లో పెడతారు. ఇప్పుడు రెండు చివరలూ మనకు కచ్చితంగా తెలిసిన స్థానంలో ఉన్నాయి. ఆ తర్వాతే కడ్డీ పొడవు తిప్పి, బలవంతం లేకుండా రంధ్రంలోకి జారేలా చేస్తారు. లాగి, వంచి దూరిస్తే ఒక గేర్ సరిగ్గా పడుతుంది, ఇంకోటి సగమే పడుతుంది.

5. చివరికి స్టాప్ బోల్టులు. మనం రాడ్‌ని గట్టిగా గుద్దితే ఆ దెబ్బ లోపలి ఫోర్క్ మీద పడి అది వంగకుండా ఇవి ఆపుతాయి. ముందు వీటిని వెనక్కి తిప్పేసి, గేర్ పూర్తిగా వేసి పట్టుకుని, బోల్టు తగిలేదాకా తిప్పి, తర్వాత ఒక చుట్టు వెనక్కి తీస్తారు.

మా కారులో అసలు జబ్బు

పై నాలుగో పాయింట్ చదివాక చాచాని అడిగా: "మనది కూడా న్యూట్రల్‌లో పెట్టి చూద్దామా?" ఆయన అప్పటికే కారు కింద ఉన్నాడు.

ఎంచుకునే లీవర్ దగ్గర బుష్షులు పూర్తిగా అరిగిపోయాయి. పైన పెద్దబాపు రాడ్‌ని పూర్తిగా జరిపినా, కింద లీవర్ సగమే జరుగుతోంది. అంటే 1-2 ఫోర్క్‌కీ 3-4 ఫోర్క్‌కీ మధ్యలో ఆగుతోంది. రెండు గేర్లు ఒకేసారి పడితే షాఫ్ట్ తిరగదు, పళ్లు విరుగుతాయి. అట్లా కాకుండా లోపల ఇంటర్‌లాక్ అని ఒకటి అడ్డం పడుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్ అని చదివాం చూడండి, ఒకరు లోపల ఉండగా ఇంకొకరు రాకూడదని, అదే ఇక్కడ ఇనుముతో చేశారు. ఇందారం దగ్గర మా కారు ఇరుక్కున్నప్పుడు గేర్ బాక్స్ చెడిపోలేదు. తనని తాను కాపాడుకుంటోంది. నేను ఆ బాక్స్‌ని తిట్టుకుంటూ దాని మీద కొత్త రాడ్ పెట్టాలని చూశా.

ఒకవేళ సరైన ఫ్లోర్ గేర్ సెట్టే దొరికినా, నేల కోయాలి, బెంచీ సీటు మార్చాలి. ఈ జబ్బుకి అదంతా అవసరమే లేదు.

చాచా కొత్త బుష్షులు వేసి, రెండు చివరలూ న్యూట్రల్‌లో పెట్టి కడ్డీ సరిచేశాడు. సామాన్లు, కూలీ కలిపి 650 రూపాయలు. ఆ రోజు సాయంత్రం పెద్దబాపు మంచిర్యాల దాకా నడిపి తెచ్చాడు. బానెట్ ఎత్తలేదు. ఇంటికొచ్చాక నేను డబ్బుల సంగతి ఎత్తి "పెద్దబాపూ, నా స్టైపెండ్ వచ్చినంక ఇస్తా" అన్నా. "పైసలు పోతే పోయినయ్ గని, రేపటి సంది నువ్వు నడుపు. అరిగితె చేతికే తెలుస్తది" అన్నాడు.

ఇప్పుడు నేర్చుకుంటున్నా. రెండో గేర్ నుంచి మూడోదానికి పోయేటప్పుడు మధ్యలో ఒక చిన్న ఆగుడు ఉంటుంది, అక్కడ తొందరపడొద్దని చెప్పాడు. ఆ 5 గేర్ల రాడ్ మాత్రం మా ఇంట్లో మంచం కింద ఉంది. మీ ఊళ్లో ఎవరి దగ్గరైనా 1800 ఐఎస్‌జెడ్ ఉంటే చెప్పండి, ఇచ్చేస్తా. కానీ ముందు ఆయన్ని కారు కిందికి దూరి గేర్ బాక్స్ చూసి రమ్మనండి.