గోడమీది బిందువు

ముందుగది గోడకు అద్దము బిగించిన పటమొకటి వ్రేలాడుచుండును. నడుమ పెద్ద నల్లని వలయము. దాని చుట్టును ఎరుపు, పసుపు, నీలి వర్ణముల చతురస్రములు, త్రికోణములు. వచ్చినవారు అడుగు ప్రశ్న యొక్కటే: “ఇది యేమి బొమ్మ?” అర్థము కాలేదని చెప్పుటకు సిగ్గుపడి తల యూపువారు కొందఱు; పరిహసించువారు మఱికొందఱు. ఇరుతెగలవారును పటమును చూడకయే తీర్పు చెప్పినవారు.

తెలుగువారి గోడలకు పటములు క్రొత్తవి కావు. రాజా రవివర్మ 1894లో బొంబాయియందు శిలాముద్రణాలయమును స్థాపించిన పిమ్మట లక్ష్మీ సరస్వతుల రంగుపటములు సామాన్యుల యిండ్లకును చేరినవి. వానిలో కమలము కమలమువలెనే యుండును. గుర్తింపగనే తృప్తి కలుగును. నైరూప్యచిత్రము ఆ సుఖము నీయదు. అందు రేఖయు, వర్ణమును, వాని పొందికయు మాత్రమే కలవు. రాగాలాపనకును మాటలు లేవు గదా. అంతమాత్రమున దానిని విననివారు లేరు.

రష్యాదేశీయుడగు వాసిలీ కాండిన్‌స్కీ మ్యూనిక్ నగరమున నివసించు దినములలో ఒకనాటి సంధ్యవేళ ఇంటికి వచ్చి, తన చిత్రశాలలో అపూర్వకాంతితో వెలుగుచున్న పటమొకటి గోడకానించి యుండుట చూచెను. అందేమి చిత్రింపబడెనో తెలియలేదు. దగ్గఱకు పోయి చూడగా అది తాను వేసినదే. ప్రక్కకు త్రిప్పి నిలుపబడియుండెను. మఱునాడు పగటి వెలుతురున ఆ యానందమును మరల పొందజూచెను గాని, వస్తువులు గుర్తునకు వచ్చి అడ్డుపడెను. వస్తురూపమే తన చిత్రములకు చేటని ఆయన తలంచెను. ఈ వృత్తాంతమును 1913లో ప్రకటించిన స్మృతులలో ఆయనయే చెప్పెను.

మన దేశమున బిందువును ప్రసిద్ధికి తెచ్చినవాడు సయ్యద్ హైదర్ రజా (1922-2016). ఆయన మధ్యప్రదేశములోని బాబరియా గ్రామమున జన్మించెను. బాల్యమున మనసు చదువుపై నిలువకుండగా, ఉపాధ్యాయుడు గోడపై ఒక చుక్క పెట్టి దానినే చూచుచుండుమనెను. రజా 1950లో ఫ్రాన్సునకు వెడలి సుమారు అఱువది సంవత్సరము లచటనే యుండెను. మొదట గ్రామములను, ప్రకృతిదృశ్యములను చిత్రించెను. నడివయస్సు దాటిన పిమ్మట ఆ చుక్కయే బిందువై ఆయన చిత్రములలో నిలిచెను. ఉపాధ్యాయుడు చూపిన చుక్క శిష్యుని జీవితమున కింత పని కల్పించుట అరుదు.

ఇంటిగోడకు చేరునది మూలచిత్రము కాదు, ముద్రితప్రతి. దానిని భూతద్దముతో చూచినచో ఆ బిందువే వేనవేల సన్నని చుక్కలుగా విడిపోవును. నీలము, ఊదాయెరుపు, పసుపు, నలుపు అను నాలుగు సిరాల చుక్కలను దూరమునుండి కన్ను కలిపివేయును. సకలవర్ణములును అట్లే పుట్టుచున్నవి. కుంచె జాడయు, రంగు మందమును ప్రతిలో నుండవు. అగ్గువ యని దానిని చులకన చేయరాదు. మూలముతో సమానమనియు భ్రమపడరాదు. ఎండ తగులు గోడకు మాత్రము వ్రేలాడగట్టరాదు, రంగులు వెలిసిపోవును.

ఇక పైవైపు ఏది, క్రిందివైపు ఏది యను చిక్కు కలదు. డచ్చి చిత్రకారుడగు పీట్ మోండ్రియన్ 1941లో రంగుల అంటుపట్టీలతో ‘న్యూయార్క్ సిటీ 1’ అను పటమును కూర్చెను. 1980 నుండి జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ నగర ప్రదర్శనశాలలో నున్న ఆ పటము తలక్రిందుగా వ్రేలాడుచున్నదని 2022లో వెల్లడియయ్యెను. చిత్రకారుడు మరణించిన 1944లో ఒక పత్రికలో వెలువడిన ఛాయాచిత్రమున దట్టమైన పట్టీలు పైభాగమున నున్నవి. ప్రదర్శనశాలలో అవి అడుగున నుండెను. పరిహాసకుల కిది విందు. కాని పైక్రిందుల భేదము నిజముగా లేనిచో అది పొరపాటే కాకపోవును గదా! త్రిప్పినచో పాతబడిన పట్టీలు ఊడునను భయముచే దానిని అట్లే యుంచిరి. చిత్రకారులు సాధారణముగా అడుగున సంతకము చేయుదురు. ఈ పటముపై మోండ్రియన్ సంతకము లేదు.