కానుక సంచిలో పాత అర్ధరూపాయి

చదువవలసిన వాక్యభాగములు: 2 రాజులు 12:4-15, మార్కు 12:41-44, 2 కొరింథీయులకు 8:18-21



నకరికల్లులోని మా యౌవనస్థులలో ఇద్దరు ముగ్గురికి ఇటీవల ఒక వింత సరదా పట్టినది. బ్యాంకునకు పోయి నోట్లిచ్చి చిల్లర సంచులు పుచ్చుకొందురు. ఇంటికి తెచ్చి చాపమీద కుమ్మరించి, పాత నికెలు బిళ్ళ గాని వెండి బిళ్ళ గాని దొరకునేమోయని ఒక్కొక్కదానినే త్రిప్పి చూతురు. దొరకనప్పుడు మరల లెక్కపెట్టి అంగళ్లలో చెల్లింతురు.

అమెరికాలో ఈ పని చేయువారు చాలమంది గలరు. అచ్చట బ్యాంకులు ఐదు సెంట్ల బిళ్ళలను నలుబదేసి చొప్పున కాగితములో చుట్టి యిచ్చును. ఆ బిళ్ళకు నికెలు అనియే పేరు. రెండవ ప్రపంచ యుద్ధములో నికెలు లోహము యుద్ధపు పనులకు కావలసివచ్చినందున, 1942 చివరనుండి 1945 వరకు అందులో నికెలు బొత్తిగా మాని, నూటికి 35 పాళ్లు వెండి కలిపిరి. వెనుకవైపు భవనపు గోపురము మీద పెద్ద అక్షరమొకటి గుర్తుగా వేసిరి. ఆ గుర్తుకొరకే నేటికిని చుట్టలు విప్పి వెదకుచుందురు.

మన దేశపు సంగతి వేరు. మన రూపాయి ఒకప్పుడు సరిగా తులము బరువు, అనగా 11.66 గ్రాములు. పండ్రెండు పాళ్లలో పదునొకండు పాళ్లు వెండియే. ఎనుబది రూపాయల బరువు ఒక సేరు గనుక, తూనికరాయి మీద అనుమానము కలిగినవాడు రూపాయలు పెట్టి సరిచూచుకొనగలిగెను. 1940లో వెండిని సగమునకు తగ్గించిరి. 1947 నాటికి అదియు పోయి ఉత్త నికెలు రూపాయి వచ్చెను. మంచి వెండిని జనులు దాచుకొనిరి. పాత రాజుల బిళ్ళలను ప్రభుత్వము వెనుకకు తీసికొనెను. 1957 ఏప్రిలు 1న అణాలు పోయి నయాపైసలు వచ్చినవి. రూపాయి బిళ్ళ 1975 నుండి రాగి నికెలు మిశ్రమము, 1992 నుండి తుప్పుపట్టని ఉక్కు. కాబట్టి నేడు బ్యాంకు సంచిలో వెండి వెదకుట గొడ్డు గేదెను పితుక కూర్చుండుట వంటిది. పాత నికెలు రూపాయి ఒకటి దొరికినను అదృష్టమే.

"ఇది తప్పా పెద్దయ్యా?" అని ఆ పిల్లలు నన్నడిగిరి. తప్పు కాదంటిని. నూరు రూపాయలిచ్చి నూరు రూపాయలు పుచ్చుకొనుచున్నారు, ఎవరిని మోసగించుటలేదు. నాణెములను కరగించుట మాత్రము 2011 నాటి నాణెముల చట్టము ప్రకారము నేరము. పాత బిళ్ళకు లక్షలిత్తుము, ముందుగా రుసుము కట్టుడని ఫోనులో వచ్చు మాటలు నమ్మరాదు. రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ఇట్టి మోసములను గూర్చి హెచ్చరించినది. ఇంతమాత్రము చెప్పి పంపితిని. అంతకంటె కష్టమైన ప్రశ్న నా వంతునకు వచ్చునని అప్పుడు ఎరుగను.

మా సంఘములో ఆదివారపు కానుక లెక్కించువారము ఇద్దరము. ఒక ఆదివారమున రెండు రూపాయల బిళ్ళలు దొంతిగా పేర్చుచుండగా ఒకటి సరిగా కుదురలేదు. వెడల్పు ఇంచుమించు అంతే, రంగు మాత్రము నలుపు తిరిగియున్నది. బండమీద వేయగా ఖంగుమనెను. రుద్ది చూడగా కిరీటముతో ఐదవ జార్జి రాజు తల, వెనుక అర్ధరూపాయి అను వ్రాత. సంవత్సరము అరిగిపోయినది. అరతులము బరువు, అందులో ఐదు గ్రాములకు పైగా వెండి.

(ఆ వెండి ఏ దేశపుదో! 1918లో ఇక్కడ వెండికి కరవు వచ్చినప్పుడు అమెరికావారు సుమారు 27 కోట్ల వెండి డాలర్లు కరగించిరి; అందులో అధికభాగము మన నాణెములకొరకే వచ్చెను. 1842లో ఫాదర్ హయ్యరు గుంటూరునకు వచ్చినదియు ఆ దేశమునుండియే.)

నా జతవాడు అప్పుడు వెలుపలికి పోయియుండెను. నా జేబులో రెండు రూపాయల బిళ్ళ యున్నది. అది దొంతిలో పెట్టి దీనిని తీసికొన్నయెడల లెక్క సరిపోవును. ఇది ఎట్లును చెల్లుబాటు కానిది, బ్యాంకువారు త్రిప్పికొట్టుదురు. పైగా అర్ధరూపాయికి రెండు రూపాయలు వేయుచున్నాను గదా, సంఘమునకు లాభమే! మనస్సు ఎంత చక్కగా వాదించునో చూడుడి. బ్యాంకు సంచితో ఆ పిల్లలు చేసినదే నేనును చేయుచున్నట్లు తోచెను.

యోవాషు రాజు దినములలో యాజకుడు పెట్టె మూతకు బెజ్జము చేసి బలిపీఠమునొద్ద ఉంచెను. పెట్టె నిండినప్పుడు రాజుయొక్క లేఖికుడును ప్రధానయాజకుడును ఇద్దరును వచ్చి లెక్కించి సంచులలో కట్టిరి. ఆ ద్రవ్యమును తూచి పనివారి అధికారుల కిచ్చిరి. గమనింపుడి, ఆ కాలమున ముద్రవేసిన నాణెములు ఇంకను పుట్టలేదు. వెండి యెంతయో వెల యంత. మన పుస్తకములో అట్లుకాదు. అంకె సరిపోయినను వెండి పోవచ్చును. ఆడిటరు కూడ పట్టలేడు. నమ్మకస్థులను లెక్క అడుగలేదను 15వ వచనమును చూపి, దేవుని సొమ్మునకు లెక్కలేల అనువారు మనలో గలరు. వారు 10వ వచనమును ముందు చదువవలెను. ఇద్దరు కలిసి లెక్కించిన తరువాతనే ఆ నమ్మకము. పౌలంతటివాడే యెరూషలేము కానుకను ఒంటరిగా చేతపట్టలేదు. ప్రభువు ఎదుటనే కాక మనుష్యుల ఎదుటను నింద లేకుండ చూచుకొనెను.

విధవరాలి రెండు కాసులను గూర్చి మార్కు వ్రాయుచు, రోమా నాణెములో వాటి వెల ఎంతయో చెప్పెను. అది పుస్తకపు లెక్క. ప్రభువు ఆ లెక్క చెప్పలేదు. ఆయన పెట్టెకు ఎదురుగా కూర్చుండి వేయువారిని చూచుచుండెను. దేవాలయపు గుమాస్తా ఎవడైన ఆ రెండు కాసులు తీసికొని సమానమైన మరియొక నాణెము వేసినయెడల మొత్తము తగ్గెడిది కాదు. ఆమె కానుక మాత్రము అందులో ఉండెడిది కాదు.

ఈ మాట తోచగానే నా వాదము కూలిపోయినది. ఈ బిళ్ళ ఎవరో పొరబాటున రెండు రూపాయలనుకొని వేసియుండవచ్చును. అట్లయిన అది వారిది. తెలిసియే వేసినయెడల అది ప్రభువుది. ఈ రెండింటిలో ఏదైనను నాది మాత్రము కాదు. ఆ పిల్లలు బ్యాంకు సొమ్మును బ్యాంకు ఎదుటనే కొనుచున్నారు. నేను అమ్మువాడు లేనిచోట కొనువాడనైతిని.

జతవానిని పిలిచి బిళ్ళ చూపి, నాకు పుట్టిన ఆలోచన కూడ చెప్పితిని. అది చెప్పుటే కష్టమాయెను. పుస్తకములో వేరుగా ఒక వరుసలో "పాత వెండి అర్ధరూపాయి 1" అని వ్రాసి ఇద్దరము చేవ్రాలు చేసితిమి. మరుసటి ఆదివారము పాస్టరుగారు, పొరబాటున ఏదైన వస్తువు సంచిలో పడినవారు చెప్పవలసినదని ప్రకటించిరి. ఏ వస్తువో చెప్పలేదు. ఆరాధన అయిన తరువాత ఒక అవ్వ నాయొద్దకు వచ్చినది.

"తెలిసే ఏశానయ్యా. మా అమ్మ మెళ్ళో దండలోది. అన్నీ అయిపోగా ఇదొక్కటే మిగిలింది. చెల్లదా ఏంది?"

చెల్లుననియే చెప్పితిని.

దానిని ఏమి చేయవలెనని పెద్దలు కూడి మాటలాడిరి. నరసరావుపేటలో వెండి వర్తకునియొద్ద ఇద్దరు పెద్దలు తూకము వేయించి వెల తెలిసికొనిరి. చిల్లర సంచులు వెదకు పిల్లలలో ఒకడు, ఇట్టి బిళ్ళకు తూకపు వెలకంటె కొంత ఎక్కువ ఇచ్చువారుందురని తానే చెప్పి, ఆ ఎక్కువయు కలిపి అందరియెదుట ఇచ్చి కొనుక్కొనెను. తూకపు చీటీ ఆ నెల లెక్కల పుటలో అంటించియున్నది.