బోర్డింగు కూరయు, ప్రక్కచేనును

తోటకూర కోసిన గడియనుండియే వాడ నారంభించును. దానితోపాటు అందలి సి విటమినును తగ్గుచుండును. ఎండవేడిమికి మరింత త్వరగా తగ్గును. కావున దూరపు సంతనుండి మూటలలో వచ్చిన కూరకును, ప్రక్కచేనినుండి యుదయమున వచ్చిన కూరకును భేదము రుచియందు మాత్రమే కాదు.

బ్రెజిలు దేశమువారు 2009వ సంవత్సరమున నొక శాసనము చేసిరి. బడిపిల్లల భోజనమునకు కేంద్రప్రభుత్వ మిచ్చు ధనములో నూటికి 30 వంతులైనను చిన్న రైతుకుటుంబములయొద్దనే వెచ్చింపవలెనని విధించిరి. పిల్లలకు ఆహారము, రైతునకు నిలుకడయైన బేరము.

మేమును మా బోర్డింగునకు సమీపగ్రామపు రైతు లిరువురియొద్ద ఆకుకూరలు కొన నారంభించితిమి. పిల్లలను చేనికి తీసికొనిపోయి కోయించితిమి. ఆకుకూర యన్న ముఖము చిట్లించువారు తాము కోసినదానిని పళ్లెమున విడువలేదు. ఇందుకు మా వంటవాడే సాక్షి. ఇంతలో వేసవి సెలవులు వచ్చినవి. ఆ సంగతి రైతులకు ముందుగా చెప్పమైతిమి. మళ్లలో కూర ముదిరిపోయెను. తప్పు మాది, నష్టము వారిది.

విత్తిన 25, 30 దినములకు తోటకూర కోతకు వచ్చును. ఇప్పుడు మా విద్యార్థులు సెలవుల తేదీనుండి వెనుకకు లెక్కించి, విత్తవలసిన కడపటి దినమును కాగితముపై వ్రాసి రైతున కిచ్చుచున్నారు. తరగతి లెక్కలకంటె దీనిని శ్రద్ధగా చేయుదురు. రైతు లిరువురిలో నొకరు మాత్ర మింకను మా మాట నమ్ముట లేదు. రెండవవారి మడికి మేము ఆయన చేనిగట్టు మీదుగానే పోవుచున్నాము.